చెన్నమ్మ సమాధి రాయి

బీరమ్మ చనిపోయి రెండు రోజులైంది. ఇంకా పూడ్చలేదు.

శవం ఇంటి ముందు పందిరి కింద, అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ బాక్సులో ఉంది. కరెంటు పోయినప్పుడల్లా కూతురు స్వప్నకు గుండె ఆగినంత పనవుతోంది.

ఝరాసంగం దారిలో ఉన్న ఊరది. పేరు చెప్పను. చెబితే ఊరంతా నా మీదికొస్తుంది. అక్కడి చర్చికి ఆదివారంతో వందేళ్లు. బిషప్ గారొస్తున్నారు. రంగు కాగితాలు కట్టే వేళ ఈ శవమొకటి పానకంలో పుడకలా తగిలింది పెద్దలకు.

శుక్రవారం ఉదయం పదింటికి సబ్-ఇన్‌స్పెక్టర్ మహేశ్వరి జీపు దిగింది. స్వప్న ఇచ్చిన కంప్లైంట్ దొంగతనం మీద. పోయింది బంగారం కాదు, సమాధి రాయి. స్టేషన్‌లో రైటర్ ఆ కాగితం చదివి నవ్వాడు. మహేశ్వరికి నవ్వు రాలేదు.

విషయం సూటిగా చెబుతాను. ఊళ్లో పాత సమాధుల తోట నిండిపోయింది. కొత్త గుంతకు జాగా లేదు. పెద్దల సమాధి ఉన్న కుటుంబం దాన్నే మళ్లీ తవ్వి తమవాళ్లను అందులో పెట్టుకోవాలి. లేనివాళ్లకు ఊరి బయట తుమ్మపొదలే గతి. బీరమ్మ బతికినంత కాలం ఒకటే అడిగింది, మా అమ్మమ్మ చెన్నమ్మ దగ్గర నన్ను పెట్టండని. తీరా గుంత తవ్వేవాళ్లకు చోటు చూపిద్దామని స్వప్న వెళితే, అక్కడ రాయి లేదు.

చర్చి కమిటీ కార్యదర్శి దేవరాజ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"రాయి చూపెట్టున్రి, జాగ తీస్కోన్రి. నోటి మాటకు ఇస్తే రేపు ఊరంత లైన్ కడ్తది."

శవానికి ముహూర్తం పెట్టినట్టు గడువు కూడా పెట్టాడు. శనివారం పొద్దున్నకల్లా ఎత్తేయాలట. బిషప్ గారి కంట పడకూడదట.

మహేశ్వరి ముందు తోటకు వెళ్లింది. రాయి ఉండాల్సిన చోట మట్టి కొత్తగా ఉంది. వంగి చూసింది. దొంగ రాయిని పెకలించాక గుంత పూడ్చాడు. పైన అరచేత్తో చదును చేశాడు. వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. దొంగకు అంత ఓపిక ఎందుకు? ఎత్తుకుపోయేవాడు ఎత్తుకుపోతాడు గానీ, మట్టిని జోకొడతాడా?

స్వప్న ఫోన్‌లో ఫోటో చూపించింది. నిరుడు సమాధుల పండుగ నాటిది. రాయికి సున్నం, ముందు కొవ్వొత్తి, పక్కన బీరమ్మ. సున్నం కింద అక్షరాలు కనబడటం లేదు.

"ఏం రాసుండె దాని మీద?"

"చెన్నమ్మ పేరు, మేడం. ఈ ఊర్ల మొదలు బాప్తిస్మం తీస్కున్నది ఆమెనే అని."

మహేశ్వరి తల పైకెత్తింది. చర్చి గేటు బ్యానర్ మీద మరో సంగతి ఉంది. ఊళ్లో మొదటి క్రైస్తవుడు దేవరాజ్ తాత అట.

అనుమానితులు ముగ్గురు తేలారు.

మొదటివాడు దేవరాజ్. చెన్నమ్మ సమాధి పక్కనే వాళ్ల తాత సమాధి. దాన్ని పాలరాతితో పెద్దది చేయించాలని చూస్తున్నాడు. పక్క జాగా కలిస్తే పండగే.

రెండోవాడు చిరాగ్‌పల్లిలో రాతి దుకాణం నడిపే రేవణసిద్ధప్ప. ఆ పాలరాతి పని అతనిదే. వారం నుంచి టేపు పట్టుకుని తోటలో తిరుగుతున్నాడు. పలుగు, పార, ట్రాలీ ఆటో అన్నీ ఉన్నాయి.

మూడోవాడు రిటైర్డ్ హెడ్‌మాస్టర్ మదన్‌మోహన్. జహీరాబాద్‌లో ఇల్లు. ఈ చర్చి చరిత్ర, ఇక్కడి కుటుంబాల వంశవృక్షాలు మూడేళ్లు తిరిగి రాశాడు. పుస్తకం ఆదివారం విడుదల. తాను రాయికోడ్ వైపు దొరల వంశమని ముందుమాటలోనే వేసుకున్నాడు. బీరమ్మ చనిపోయిన కాడినుంచి రెండు పూటలా వచ్చి శవం దగ్గర ప్రార్థన చేస్తున్నాడు. ఊరు ఆయన్ని మెచ్చుకుంది. నాకు మాత్రం అంత భక్తి ఎక్కడ కనిపించినా అనుమానమే.

మహేశ్వరి ఒక్కొక్కరినే అడిగింది. దేవరాజ్ తనకేం తెలియదన్నాడు. రేవణసిద్ధప్ప, చచ్చినోళ్ల రాళ్లతో తనకేం పని, బతికినోళ్ల ఆర్డర్లకే దిక్కులేదన్నాడు. మదన్‌మోహన్ నిదానంగా, అక్కడొక రాయి ఉన్నమాట నిజమేగానీ దాని మీద అక్షరాలే లేవని, పాపం బీరమ్మ ఏదో ఊహించుకుందని చెప్పాడు.

సాయంత్రం నాలుగింటికి ముగ్గుర్నీ తోటకు రమ్మంది. స్వప్ననూ పిలిచింది.

"రాయి పోయిన చోటు చూపెట్టున్రి," అంది.

ముగ్గురూ నడిచారు. తోటలో దారంటూ లేదు. సమాధుల మీదుగానే పోవాలి. దేవరాజ్ బూట్లతో నేరుగా వెళ్లి చెన్నమ్మ మట్టి మీదే నిలబడ్డాడు. రేవణసిద్ధప్ప అక్కడే గొంతుక్కూర్చుని బీడీ తీశాడు. మదన్‌మోహన్ దేవరాజ్ తాత సమాధి మీద చేయి ఆనించి ఆయాసం తీర్చుకుని, తర్వాత వచ్చి పక్కన నిలబడ్డాడు.

మహేశ్వరి ముగ్గురి కాళ్ల వైపే చూస్తోంది.

"స్వప్నా, మీ ఊర్ల సమాధి కాడ చెప్పులు ఎప్పుడు ఇడుస్తరు?"

"మా వాళ్లదైతేనే ఇడుస్తం, మేడం. వేరేటోళ్ల కాడ ఎవరిడుస్తరు?"

"మాస్టారూ, మీ చెప్పులేవి?"

మదన్‌మోహన్ కిందికి చూసుకున్నాడు. వట్టి పాదాలు. చెప్పులు నాలుగడుగుల వెనక, పక్క సమాధి అంచున జోడుగా ఉన్నాయి.

"చనిపోయినవారి పట్ల గౌరవం..." అన్నాడు.

"గేటు కాడినుంచి ఇక్కడిదాకా ఎన్నో సమాధులు తొక్కుకుంట వచ్చిన్రు. దేవరాజ్ గారి తాతను ఆనుకుని నిలబడ్డరు. అక్కడ లేని గౌరవం ఇక్కడ ఎందుకొచ్చింది? రాయి పీకినంక ఆ మట్టిని అరచేత్తో సాపు చేసింది కూడ మీరే. బయటోడు అట్ల చెయ్యడు. ఎవరామె మీకు?"

రేవణసిద్ధప్ప బీడీ పారేసి లేచాడు. నాలుగు రోజుల కింద సార్ తన దుకాణానికి రెండడుగుల షాబాద్ బండ తెచ్చిన్రని, ఒక దిక్కు సిమెంటు పూసుండెనని, రెండో దిక్కు వందేళ్ల పండుగ ఫలకం చెక్కమన్నారని చెప్పేశాడు.

ముసుగు కప్పిన ఆ ఫలకం చర్చి గోడకు ఆనించి ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్లు తిప్పారు. సిమెంటు గీకుతుంటే చెన్నమ్మ పేరు బయటపడింది. అవతలి వైపు మొదటి క్రైస్తవుడుగా దేవరాజ్ తాత, చరిత్రకారుడుగా మదన్‌మోహన్.

అప్పుడు చెప్పాడు మదన్‌మోహన్. చెన్నమ్మ తన నాయనమ్మ. పొలం కూలి. తన తండ్రిని చిన్నప్పుడే మిషన్ హాస్టల్లో వేస్తే, ఆయన మళ్లీ ఈ ఊరి ముఖం చూడలేదు. దొరల వంశం తర్వాత అల్లుకున్నది. రాయి ఉంటే చెన్నమ్మ పిల్లలెవరని అడుగుతారు, ఆ వెతుకులాట తన దాకా వస్తుంది. బీరమ్మకు ఇదంతా తెలుసు. పుస్తకం పని మీద వచ్చిన మొదటి రోజే, తండ్రి పేరు విని గుర్తుపట్టి, బావా అని పిలిచింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. చివరిదాకా ఆమె చెప్పలేదు.

"ఆమె దవాఖానల పడ్డప్పుడే రాయి తీసిన్రు. ఆమె పోయినంక రెండు రోజులు పక్కన కూసుని ప్రార్థన చేసిన్రు. జాగ కోసం బిడ్డ అందరి కాళ్లు పట్టుకుంటుంటే చూసుకుంట ఉన్నరు," అంది మహేశ్వరి.

దేవరాజ్ గుంత తవ్వేవాళ్లకు కబురు పెట్టాడు. రాయి కావాలన్నవాడు తనే. రాయి కళ్ల ముందుంది.

పొద్దు వాలకముందే చెన్నమ్మ సమాధి తెరిచారు. బీరమ్మను దించారు. ఒక్కొక్కరు గుప్పెడు మట్టి వేస్తున్నారు. మదన్‌మోహన్ కానిస్టేబుల్ పక్కనుంచి ముందుకొచ్చాడు. వంగి మట్టి తీసుకున్నాడు. ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నిజమే, అదీ చెప్పాలి.

"ఒక్క గుప్పెడమ్మా," అన్నాడు. "నా మరదలు."

స్వప్న గుంతకు అడ్డంగా నిలబడింది.

"మీ పుస్తకంల చూస్కోన్రి, సార్. మా అమ్మ పేరుంటే వెయ్యిన్రి."

ఆయన పిడికిలి అలాగే ఉంది. ఎవరూ పక్కకు జరగలేదు. తవ్వేవాళ్లు పారలు అందుకుని గుంత నింపేశారు.