బంగ్లా పెంకుల మీద టక్కుటక్కు

గోదావరిఖని మొత్తంల దయ్యాలకు భయపడని మొనగాణ్ణి నేనొక్కణ్ణే. పగటిపూట… అదీ పక్కన ఎవరన్నా ఉంటే.

రామగిరి తొవ్వల నిజాం కాలపు బంగ్లా ఒకటున్నది. గూన పెంకుల కప్పు. పొద్దుగూకినంక దాని దిక్కు కుక్క గూడ చూడదని పేరు. 2008 ఎండకాలంల ఆ కప్పు బాగుచేసే పని మా బావ భూపాల్‌కు దొరికింది. రాత్రిళ్లు అక్కడనే పండుకునే కూలీలు మూడోనాటికే పరారు — కప్పు మీద ఎవరో తడుతున్నరట… టక్… టక్…

దయ్యాలకు గూడ పాత కట్టడాల మీద అంత ప్రేమ ఉంటదని అప్పుడే తెలిసింది.

"సోమవారం పొద్దుగాల కూలీలు పైకెక్కకుంటే, ఇంజనీరు పెంకులన్ని పీకించి రేకులేపిస్తడట. నూరేండ్ల కప్పురా!" బావ నా చెయ్యి పట్టుకున్నడు. "నువ్వొక్క రాత్రి అక్కడ పండుకో. వాళ్ల భయం పోతది."

"గింతేనా బావా?" అన్న. నా నోటికి బుద్ధి తక్కువ.

ఆదివారం రాత్రి. చాప, టార్చిలైటు, కొండగట్టు అంజన్న తాయత్తు — ధైర్యవంతుల సామాను.

పన్నెండు దాటింది… టక్.

ఆ కొస నుంచి… టక్… టక్… నా దిక్కే. సరిగ్గ నా నెత్తి మీద ఆగింది. ఒక పెంకు మెల్లగ జరిగింది… సందుల రెండు కండ్లు!

"ఎ… ఎవరు?" అన్ననో, అనుకున్ననో — ఇప్పటికీ అనుమానమే.

పైనుంచి గుసగుస… "టార్చి ఆర్పు బిడ్డా. కండ్లల్ల కొడుతుంది."

ఆగయ్య కాక! బొగ్గుబాయిల కప్పుకు కర్ర ఆసరాలు పెట్టి రిటైరైన టింబర్‌మన్. ముప్పై ఏండ్లు బాయి కప్పును కర్రతోని కొట్టి చూసినోడు — ఖంగుమంటే గట్టిది, బొదబొదమంటే ఉరకాలె. ఇప్పుడు పెంకులను గూడ గట్లనే కొట్టుకుంట, పగిలినదానికల్ల సున్నం బొట్టు పెడుతుండు.

"పగటీలి రావొచ్చు గద కాకా?"

"ముసలోనివి, ఎక్కద్దని మీ బావ ఎల్లగొట్టిండు. నాకు రాత్రి నిద్రెక్కడిది? జిందగీ అంత నైట్ షిఫ్టేనాయె."

తెల్లారి కూలీలు పైకెక్కిన్రు. బొట్లు చూసి, సంగతి తెలిసి పడీపడీ నవ్విన్రు. పని మళ్ల మొదలైంది, వానలకు ముందే కప్పు నిలిచింది. నా ధైర్యం చూసే వాళ్లు ఎక్కిన్రని బావ ఊరంత చెప్పుకున్నడు. నేనెందుకు కాదంట?

అసలు ముచ్చట చెప్తున్న, నవ్వద్దు. కింద ఒక్కణ్ణే పండుకోలేక ఆ రాత్రి కాక వెంబడి నేను గూడ పైకెక్కిన. ఏడు కొట్టంగనే, షిఫ్టు ఒడిసినట్టు కాక దిగి ఇంటికి పోయిండు. నేను కిందికి చూసిన… అంతే, కాళ్లు కదల్లేదు.

కూలీలు ఎక్కింది నన్ను దింపనీకే.