అరువు గుండె

ఫోనులో చూస్తే అమ్మ గుండె నిక్షేపంగా కొట్టుకుంటోంది. అమ్మేమో ఆసుపత్రి మంచం మీద, ముక్కుకి గొట్టంతో, కళ్ళు మూసుకుని పడి ఉంది... ఏది నమ్మాలో తెలియక చిన్ని గోడకి ఆనుకుని నిలబడిపోయింది. కణతల దగ్గర జుట్టు నెరిసినా, బట్టల ఫ్యాక్టరీలో పదిమంది చేత పని చేయిస్తున్నా, అమ్మకి మాత్రం ఆమె ఇంకా చిన్నే.

అమ్మ స్నానాల గది గుమ్మంలో పడిపోయిందని వృద్ధాశ్రమం నర్సు కబురు చేసింది. "నా ఫోను మోగలేదే" అంటే, "మాకూ మోగలేదండీ" అంది. ఆశ్రమంలో అమ్మ చేతికి గుండె చప్పుడు కొలిచే పట్టీ ఒకటి పెట్టారు. గుండె లయ తప్పితే చాలు, అటు ఆశ్రమంలోనూ ఇటు చిన్ని ఫోనులోనూ గోల గోలగా మోగాలి. కొన్నాళ్ళుగా చడీచప్పుడూ లేదు. మందులు పని చేస్తున్నాయని చిన్ని మురిసిపోయింది కూడా.

అంతలో పాటల పిన్ని వచ్చింది. ఆశ్రమంలో అమ్మ గదిలోనే ఉంటుంది. ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తుంది కాబట్టి ఆ పేరు. ఇవాళ నోట రాగం లేదు. శాలువాలోంచి చెయ్యి బయటికి తీసింది. ఆ చేతికి అమ్మ పట్టీ ఉంది!

"నన్ను తిట్టమ్మా, పడతాను. మీ అమ్మే పెట్టింది. 'నీ గుండె గడియారంలా కొట్టుకుంటుంది, కొన్నాళ్ళు అరువియ్యవే' అంది. సరదాకేమో అనుకున్నా. తర్వాత వద్దంటే వినలేదు. నర్సమ్మ తెర మీద అంకెలు చూసి వెళ్ళిపోయేది గానీ మా చేతులెప్పుడు చూసింది..."

"ఎందుకు పిన్నీ? ఎందుకిలా చేసింది?"

పిన్ని తల దించుకుంది. "'అది మోగితే మా అమ్మాయి చెయ్యి వణుకుతుందే' అంది మీ అమ్మ."

చిన్నికి ఆ రోజు గుర్తొచ్చింది. ఫ్యాక్టరీలో, చేతిలో బట్ట కోసే మిషను ఉండగా ఫోను మోగింది. చెయ్యి అదిరి కత్తి పక్కకి పోయింది. బట్టల దొంతర దొంతరంతా పాడైంది. యజమాని అందరి ముందూ కడిగేశాడు. ఆ మంట మీదే ఆశ్రమానికి వెళ్తే, అమ్మ కిటికీ దగ్గర తాపీగా తల దువ్వుకుంటోంది. మెట్లెక్కినప్పుడు కాస్త ఆయాసమొచ్చిందట, అంతే. "అది మోగితే నా చెయ్యి అదిరిపోతోంది, నీ గుండెతో నా ఉద్యోగం ఊడేట్టుందమ్మా! కాస్త నిదానంగా ఉండలేవా?" అని అరిచింది చిన్ని. "అలాగేనే" అంది అమ్మ.

ఆ మాట అనేసి చిన్ని మరిచిపోయింది. అమ్మ దాన్ని కూతురు చెప్పిన పనిలా నెత్తికెత్తుకుంది.

డాక్టరు వచ్చి ఇంకో మాట చెప్పాడు. పట్టీ లెక్కల్లో లయ బాగానే ఉందని చూసి మందు పెంచలేదట. ఇన్నాళ్ళూ వాళ్ళు వైద్యం చేసింది పిన్ని గుండెకి! చిన్ని నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చింది. ఎవరినని ఏం లాభం? పాపం తనది.

సాయంత్రానికి అమ్మ కళ్ళు తెరిచింది.

"నీకు పని లేదటే?" అంది ముందుగా.

"పని ఎక్కడికీ పోదు. అమ్మా... ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. నన్ను క్షమించు."

"ఏ మాట?" అంది అమ్మ, నిజంగానే తెలియనట్టు. తర్వాత, "పిన్నిని ఏమీ అనకు. నా పోరు పడలేకే ఒప్పుకుంది" అంది.

"ఎవర్నీ ఏమీ అనను. నువ్వు మాత్రం ఇక దాచకు. నా చెయ్యి వణికితే వణకనీ, బట్ట పోతే పోనీ. నొప్పొస్తే నొప్పని చెప్పు, చాలు."

అమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. మణికట్టు విరిగినప్పుడు కూడా "ఏం లేదులే" అని ఒంటిచేత్తో వంట చేసిన మనిషి. బతుకంతా ఏం లేదులే అన్న నోటికి ఇంకో మాట పలకడం అంత సులువా? చిన్ని ఆ చల్లని చేతిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది. అడిగే హక్కు కూడా పోగొట్టుకున్నానేమో అనుకుంది.

చాలాసేపటికి అమ్మ వేళ్ళు కదిలాయి.

"చిన్నీ..."

"ఊఁ?"

అమ్మ చిన్ని వైపు తల తిప్పింది. చిన్నపిల్ల తప్పు ఒప్పుకుంటున్నట్టు, మెల్లగా, "ఇక్కడ నొప్పిగా ఉందే" అంది.

చిన్ని గంట నొక్కింది. నర్సు పరుగున వస్తున్న చప్పుడు వినిపిస్తోంది. భయంతో ఒళ్ళంతా వణుకుతున్నా అమ్మ చెయ్యి వదలకుండా ముఖం మీదికి వంగింది.

"ఎక్కడమ్మా? మళ్ళీ చెప్పు."