తులసమ్మకు చెప్పలేని మాట

2068 నవంబరు ఏడో తేదీ, బుధవారం, ఉదయం ఏడుంబావు. కాకినాడ తీరాన సముద్రం మీద తేలే పట్నంలో, రాజ్యం వాళ్ళ వంటింటి కప్పుకు అమర్చిన బంధమాపకం ఎర్రగా వెలిగింది.

"మీ ఇద్దరి మధ్యా బంధం లేదంటోందమ్మా," అంది దాన్ని తయారుచేసిన డాక్టర్ మందాకిని.

ఇంట్లో ఎవరు ఎవరిని ఏ వరసతో పిలుస్తున్నారు, గొంతులో చనువెంత అన్నది విని లెక్కగట్టే సెన్సర్ అది. పట్నంలో చోటు తక్కువ. బంధం లేనివాళ్ళను ఒకే ఇంట్లో ఉండనివ్వరు. వేరే వేరే అంతస్తులకు సర్దేస్తారు.

ఎక్కడ విడదీస్తారోనని రాజ్యం భయపడింది. భర్తలు పోయాక తోడికోడళ్ళిద్దరే ఒకరికొకరు మిగిలారు. అయితే అత్తగారి చంద్రహారం కనబడకుండా పోయిన నాటినుంచీ పెద్దకోడలు సుభద్ర రాజ్యంతో నేరుగా మాట్లాడింది లేదు. ఏం చెప్పుకున్నా వంటింటి గుమ్మం పక్కన కుండీలో ఉన్న తులసికే.

ఇప్పుడూ అంతే. "తులసమ్మా, పాలు పొంగుతున్నాయి. కొందరికి ముక్కు కూడా పనిచెయ్యదు కాబోలు," అంది సుభద్ర.

"మోకాళ్ళ నొప్పులవాళ్ళని లేవొద్దని చెప్పు తల్లీ. నేను దించుతాగా," అంది రాజ్యం.

మందాకిని నవ్వింది. "మొక్కతో చెప్పిన మాటలు దీని లెక్కలోకి రావు. ఒక్కసారి ఒకరితో ఒకరు మాట్లాడండి, చాలు."

సుభద్ర తులసి వైపు తిరిగి ఎండుటాకులు ఏరసాగింది. కావాలనే ఊరుకుందా? అసలు ఈ మిషన్‌ని పెట్టించింది ఈవిడేనా? రాజ్యం ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏం అక్కయ్యా, నేను పోతే నీకు హాయిగా ఉంటుందా?"

సుభద్ర తులసికి వీపు పెట్టి, ఇటు తిరిగింది. "హారం తీసింది నువ్వేనా, రాజ్యం?"

ఇన్నేళ్ళూ ఆ మాట అడగడానికి ఆవిడకు నోరు రాలేదు. ఎంత కోపమున్నా తులసమ్మ ఎదుట ఒకరి మీద నింద వెయ్యగలరా ఎవరైనా?

"అదా నీ కడుపులో ఉన్నది! నువ్వే అమ్ముకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నావని నేననుకుంటున్నా."

"ఎంత మాటన్నావే!"

"నువ్వన్నదానికంటే తక్కువే అన్నాను, అక్కయ్యా!"

పైన యంత్రం ఆకుపచ్చగా మెరిసింది. వరసలున్నాయి, చనువుంది, గొంతులో వేడీ ఉంది.

"చాలా గట్టి బంధం! మిమ్మల్నిక ఎవరూ విడదీయరు," అంటూ మందాకిని సంబరంగా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఎవరి చెంబుతో వాళ్ళు తులసికి నీళ్ళు పోశారు. దానితోనూ ఎవరూ ఏమీ చెప్పలేదు. తర్వాత లోపలికెళ్ళి, ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు వెలిగించుకున్నారు.