ఏజెంట్ కృపానందానికి ప్రవేశం లేదు

ఆ పొద్దున ఎనుమాముల మార్కెట్ మీద మబ్బు బాగా కిందికి దిగింది. చినుకు మాత్రం రాలలేదు. అది 1988. మిర్చి వ్యాపారి వేషంలో ఏజెంట్ కృపానందం పత్తి దుకాణం ముందు ఆగాడు.

"చపాటా మిర్చి ఉన్నదా?"

"నిన్ననే అయిపాయె," అంది నల్ల కళ్లద్దాల విమల. కోడ్ సరిపోయింది.

వెనక గదిలో కంప్యూటర్, దానికి టెలిఫోన్ లైను. ఏజెంట్లు ఫోన్ కలిపి అందులోని మెసేజ్ బోర్డు చదువుతారు, జవాబులు రాస్తారు. ఎవరి సీక్రెట్ మెసేజ్ వారికే కనబడాలి. వారం నుంచి విదేశీ ముఠా కూడా చదువుతోంది. ఎలాగో కనిపెట్టమని చీఫ్ కృపానందాన్ని పంపాడు. పన్నెండుకు ఏజెంట్ రాజమల్లు దాక్కోవలసిన ఇంటి అడ్రస్ బోర్డు మీదికి వస్తుంది. బగ్, అంటే ప్రోగ్రాంలోని తప్పు, పోకపోతే ముఠా ముందే అక్కడ కాచుకుంటుంది. బోర్డు ఆపేస్తే, దిక్కు తెలియక అతను డోర్నకల్ స్టేషన్లోనే దొరికిపోతాడు.

బోర్డు తయారుచేసింది అక్కడే కూర్చున్న సాల్మన్. కృపానందంతో ఒకే ఊరు, ఒకే బడి. చీఫ్ నోట ఎప్పుడూ వాడి పేరే. విమల చాయ్ కూడా ముందు వాడికే ఇచ్చింది. తప్పు సాల్మన్‌దే కావాలని కృపానందం లోలోపల కోరుకున్నాడు.

బోర్డు సరిగ్గా పనిచేస్తోందా అని చూసే టెస్టులు సర్దుతున్నానంటూ సాల్మనే కొన్ని తీసేశాడని విమల చెవిలో చెప్పింది. కృపానందం పాత కాపీ ఉన్న ఫ్లాపీ పెట్టి పోల్చాడు. ఒక టెస్ట్ లేదు. బయటివాడు సీక్రెట్ మెసేజ్ చదవబోతే బోర్డు గెంటేస్తుందా లేదా చూసే టెస్ట్ అది. ఆ బయటివాడికి సాల్మన్ పెట్టిన పేరు కృపానందం.

అది చూసి కృపానందానికి మండిపోయింది. ఆ పేరును మళ్లీ చదివాడు.

"ఇది సాల్మన్ తీసెయ్యలే."

"ఎట్ల చెప్తవ్?" అంది విమల.

"నన్ను రోజూ గెంటేసే సంబురం వాడు వదులుకుంటడా? నేనైతే వదులుకోను."

విమల చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. సాల్మన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. బుల్లి పిస్తోలు నేల మీద పడింది.

ఆమెను కుర్చీకి కట్టేసి ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పాత టెస్ట్ తిరిగి పెట్టారు. ఫెయిల్. అడిగినవాడు ఎవరో చూసే ప్రోగ్రాం లైనును విమల మాయం చేసింది. సాల్మన్ చెబుతుంటే కృపానందం దాన్ని మళ్లీ టైప్ చేశాడు. గడియారం పన్నెండు కొట్టబోతుండగా తెర మీద అక్షరాలు వెలిగాయి. కృపానందానికి ప్రవేశం లేదు.

"పాస్," అన్నాడు సాల్మన్, నవ్వు ఆపుకుంటూ.

అడ్రస్ వచ్చింది. ముఠా ఫోన్ లైను బోర్డు తలుపు తట్టి వెనక్కి పోయింది. మధ్యాహ్నం, రాజమల్లు క్షేమంగా చేరాడని ఫోన్.

సాల్మన్ టిఫిన్ డబ్బా విప్పాడు. అన్నం, చేపల పులుసు. ఇద్దరూ తిన్నారు. పెద్ద ముక్క సాల్మన్ పళ్లెంలోనే పడింది. కృపానందం అది చూసి, తన అన్నంలో ఇంకొంచెం పులుసు పోసుకున్నాడు.