ఆగిపోయిన బ్లోయర్ పన్నెండు నిమిషాల వణుకు

శుక్రవారం ఉదయం 9.40.

అట్టల ఫ్యాక్టరీలో మూడో నంబరు బ్లోయర్ పగిలింది. తడి అట్టల మీదికి వేడిగాలి తోసే పెద్ద ఫ్యాను అది. బేరింగ్ బిగుసుకుపోయి షాఫ్ట్ విరిగింది. ఎగిరొచ్చిన ఇనుపరెక్క మెయింటెనెన్స్ మేస్త్రీ ఛాతీకి తగిలింది. ఆంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం లేదు. కుడిచేతిలో పొడవాటి స్క్రూడ్రైవర్ మాత్రం అలాగే ఉంది.

11.15కు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. స్టేషన్‌లో ఆయన్ని తక్కెడ అంటారు. పోలీసు ఉద్యోగానికి ముందు తండ్రి ఇనుప సామాన్ల కొట్లో కూర్చున్న మనిషి. ఎవరేం చెప్పినా సరుకు చూసినట్టే చూస్తాడు. పైన పేర్చింది పక్కన పెట్టి, అడుగున ఉన్నది తీయమంటాడు.

సూపర్‌వైజర్ దగ్గర కథ సిద్ధంగా ఉంది. మేస్త్రీ గ్రీజు పెట్టడం మరిచాడట. బేరింగ్ పోయిందట. తప్పు కప్పిపుచ్చుకుందామని నడుస్తున్న మెషిన్ దగ్గరికి వెళ్లాడట. ఇరవై రెండేళ్లుగా స్నేహితుడైన మనిషి గురించి ఇలా చెప్పాల్సి వచ్చిందని కళ్లు తుడుచుకున్నాడు.

అదే రిపోర్టుకెక్కితే, ‘మృతుడి నిర్లక్ష్యం’ అన్న రెండు మాటలతో ఫైలు మూసేస్తారు. పోయిన మనిషి తిరిగొచ్చి కాదనలేడు.

తక్కెడ రాసుకున్నాడు. సంతకం పెట్టలేదు. కంట్రోల్ రూమ్‌కు నడిచాడు.

అక్కడ మేస్త్రీ కూతురు ఉంది. మూడేళ్లుగా ఆమెదే ఆ డ్యూటీ. అమ్మ ఆంబులెన్స్ వెంట ఆసుపత్రికి వెళ్లినా, తను మళ్లీ స్క్రీన్ ముందుకే వచ్చి కూర్చుంది. ఏడుపు ఇంకా రాలేదు. ముందు తనకు తాను జవాబు చెప్పుకోవాలి.

ప్రతి మెషిన్‌కూ అయస్కాంతంతో అతుక్కునే చిన్న సెన్సర్ ఉంటుందని చెప్పింది. అది వణుకు కొలిచి ఇక్కడికి పంపుతుంది. మోటారు తీసుకునే కరెంటు ఇంకో స్క్రీన్ మీద కనిపిస్తుంది. బేరింగ్ అరుగుతుంటే వణుకు గీత వారాల ముందే లేస్తుంది.

"లేచిందా?"

"కాస్త లేచింది సార్. పోయిన వారం బుధవారం 11.20కి దిగిపోయింది. మావయ్యను అడిగితే, మీ నాన్న గ్రీజు పెట్టాడుగా, అందుకే అన్నారు."

మావయ్య అంటే సూపర్‌వైజరే. చుట్టరికం లేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న పిలుపు.

తక్కెడ పెన్ను ఆగింది. కూతురి దగ్గర గ్రీజు పెట్టిన మేస్త్రీ, పోలీసుల దగ్గర గ్రీజు మరిచాడు. ఒకే సరుకు, రెండు తూకాలు.

"కరెంటు?"

"నలభై రెండు ఆంపియర్ల నుంచి నలభై తొమ్మిదికి పెరిగింది. సరుకు తడిగా ఉంది, లోడ్ ఎక్కువన్నారు."

"మీ నాన్నేమన్నాడు?"

"శబ్దం మారింది, బండి ఆపండి అని రోజూ మొత్తుకున్నాడు. నేనే గ్రాఫ్ చూపించి నోరు మూయించాను."

స్క్రూడ్రైవర్ ఎందుకని అడిగాడు. దాని కొన బేరింగ్ మూతకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం పాత మేస్త్రీల అలవాటని చెప్పింది.

రెండు స్క్రీన్ల మీది గీతలనూ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి ప్రింట్ తీయమన్నాడు. ఇన్నాళ్లూ ఎవరికీ ఆ పని పడలేదు. కాగితం బయటికొచ్చాక ఆమె వేలు ఒకచోట ఆగింది.

తక్కెడ ఓనర్‌కు ఫోన్ చేశాడు. కటింగ్ హాలుకు వెళ్లొచ్చాడు. 12.40కి సూపర్‌వైజర్‌ను కంట్రోల్ రూమ్‌కే పిలిచి కూర్చోబెట్టాడు.

"బ్లోయర్ మధ్యాహ్నం భోజనానికి ఆగుతుందా?"

"లేదు సార్. మూడు షిఫ్టులూ నడుస్తుంది."

"మరి తొమ్మిది రోజులుగా రోజూ ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర దాకా దీనికి వణుకే లేదు. కరెంటు మాత్రం తీసుకుంటూనే ఉంది. ఇక్కడ భోజనానికి ఆగే మెషిన్ ఏది?"

ఆ పిల్లే చెప్పింది. "కటింగ్ మెషిన్."

"సెన్సర్ ఇన్నాళ్లూ దానికే అతుక్కుని ఉంది. ఈ రోజు 9.40కి బ్లోయర్ కరెంటు సున్నా. దాని పేరుతో వణుకు 9.52 దాకా వస్తూనే ఉంది. చచ్చిన మెషిన్ పన్నెండు నిమిషాలు ఎలా వణికింది? బ్లోయర్ దగ్గర మనిషి పడి ఉంటే, మీరు 9.52కి కటింగ్ మెషిన్ వెనక వంగి ఏం తీశారు? ఆపరేటర్ చూశాడు."

గేటు దగ్గర బోర్డు మీద ఆ ఉదయం తొంభై ఒకటి అని ఉంది. ప్లాంట్ ఆగకుండా నడిచిన రోజుల లెక్క. వంద నిండితే ప్లాంట్ మేనేజర్ కుర్చీ సూపర్‌వైజర్‌దేనని ఓనర్ మాటిచ్చాడు. బేరింగ్ మార్చాలంటే బ్లోయర్ రెండు రోజులు ఆగాలి. బోర్డు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.

"ఇంకో తొమ్మిది రోజులు ఆగుతుందనుకున్నాను," అన్నాడు సూపర్‌వైజర్. తర్వాత అమ్మాయి వైపు తిరిగాడు. "వాడు నాకు తమ్ముడి కంటే ఎక్కువ తల్లీ."

ఆమె కాగితం మీంచి తల ఎత్తలేదు.

"మీ నాన్నకు వినికిడి తగ్గింది, లేని శబ్దాలు వింటున్నాడు అన్నారు. మీ మాట మీదే నిన్న సాయంత్రం చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒక్క మాట అనకుండా నా వెంట వచ్చాడు మావయ్యా."

"డాక్టరేమన్నాడు?" తక్కెడ అడిగాడు.

"చెవులు బాగున్నాయని రాసిచ్చాడు సార్. మావయ్యకు చూపిస్తానని నాన్న ఆ చీటీ జేబులో పెట్టుకొచ్చాడు. ఇప్పుడు జేబులో లేదు. ఆంబులెన్స్ ఎక్కించే ముందు నేను వెతికాను."

సూపర్‌వైజర్ చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడిచ్చాడు?"

"తొమ్మిదిన్నరకు."

"మీరేమన్నారు?"

సూపర్‌వైజర్ ఆ చీటీని వేలితో బల్ల మీద ఇంకాస్త ముందుకు తోశాడు.

"అంత బాగా వినబడుతుంటే, వెళ్లి ఇంకోసారి విని రా అన్నాను."