గుప్పెడు పంచదార

గోడలకి చెవులుంటాయన్న మాట, రెండువేల డెబ్భై నాటికి కొత్తరేవు నగరంలో సామెతగా మిగల్లేదు. ప్రతి ఇంటి గోడలోనూ నిజంగానే ఓ చెవి ఉండేది. అగ్గిపెట్టెంత పలక. దాన్ని అలజడి గ్రాహకం అనేవారు. మాటలు వినడం దానికి చేతకాదు, వినమని ఎవరూ చెప్పలేదు కూడా. గోడకి తగిలిన అదురు, నేల మీద పడ్డ బరువు, మనుషుల ఊపిరి వేగం, ఈ మూడూ కలిపి చూసి, ఆ ఇంట్లో ఒకరినొకరు కొడుతున్నారో లేదో తేల్చుకునేది. తొందరపడకుండా మూడుసార్లు అదురు తగిలేదాకా ఆగి మరీ తేల్చుకునేది.

తేలాక అది పోలీసులకి కబురు పెట్టేది కాదు. ఆ ముచ్చట అంతకుముందే తీరిపోయింది. పోలీసు డ్రోన్ వచ్చి కిటికీ దగ్గర గిరగిరా తిరిగి వెళ్ళాక, దాన్ని రప్పించిన పాపానికి ఆడవాళ్ళకి రెండింతలు పడేవి. అందుకని నగర మహిళా కమిషన్ వాళ్ళు ఏడాదిపాటు తర్జనభర్జనలు పడి పొరుగమ్మను చేయించారు. నడుమెత్తు యంత్రం. కింద నాలుగు చక్రాలు, ముందుకు చాచిన ఒక చెయ్యి, ఆ చేతిలో స్టీలు గిన్నె. అంతస్తుకొకటి చొప్పున లిఫ్టు పక్కన నిలబడి ఉండేది. గ్రాహకం లేపగానే వరండాలో జారుకుంటూ వెళ్ళి ఆ ఇంటి తలుపు కొట్టి, "ఏవమ్మా, ఓ గుప్పెడు పంచదార ఉంటే ఇస్తావేటి?" అని అడిగేది.

అంతే. నిలదీయడాలూ, బెదిరించడాలూ లేవు. ఎంత కోపిష్ఠివాడికైనా తలుపు చప్పుడు వింటే ఎత్తిన చెయ్యి ఓసారి ఆగుతుంది. ఆ ఒక్క ఆగడం కోసమే ఈ యంత్రమంతా. మొదటి ఏడాది ఊళ్ళో దెబ్బలు సగానికి సగం తగ్గాయి. బయటి నగరాల వాళ్ళు వచ్చి చూసి, ముక్కు మీద వేలేసుకుని వెళ్ళారు.

పొరుగమ్మ గొంతు హైమావతిది. ఆలోచన కూడా ఆమెదే. కమిషన్‌లో సభ్యురాలు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళయిన కొత్తలో ఆమె దెబ్బలు తిన్న రోజుల్లో పక్కింటి సుబ్బరత్తం పిన్ని ఇలాగే గిన్నె పుచ్చుకుని వచ్చేది. ఆ పిన్ని యాసనే అనుకరించి గొంతు రికార్డు చేయించింది. ఇన్నేళ్ళలో ఆమె కొన్ని వేలమంది ఆడవాళ్ళ కథలు వింది. మొదట్లో ఒక్క వాంగ్మూలం చదివితే రెండు పూటలు అన్నం సయించేది కాదు. ఇప్పుడు వాంగ్మూలాలు చదువుతూనే టిఫిన్ చేయగలదు. గుండె రాయి చేసుకుందని తోటివాళ్ళు మెచ్చుకునేవారు. రాయి చేసుకున్నదో, దానంతట అదే మొద్దుబారిందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం యంత్రాల ఇంజనీరు రత్నాకర్ ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పరామర్శ బృందాన్ని ఎత్తేసే కాగితం అది. బృందమంటే పదకొండుమంది ఆడవాళ్ళు. ఇళ్ళకి వెళ్ళి, కూర్చుని, కావలసిన వాళ్ళని ఆశ్రయానికో, లాయరు దగ్గరికో తీసుకువెళ్ళేవారు. పొరుగమ్మ ఉండగా వాళ్ళెందుకని పైవాళ్ళు అనుకున్నారు. హైమావతి సంతకం ఒక్కటే తరవాయి.

"పెట్టేయండి మేడమ్. ఈ నెల సాఫల్యం నూటికి తొంభై ఆరు" అన్నాడు రత్నాకర్.

"సాఫల్యం అంటే ఏం చూస్తున్నారు?"

"గిన్నె నిండడమండి. నిండిందంటే తలుపు తీశారు, గొడవ ఆగిందన్నమాట."

ఆమె టీ తాగుతూ పేజీలు తిప్పింది. ఆఫీసు టీలో తీపి ఎప్పుడూ ఎక్కువే. పొరుగమ్మలు తెచ్చిన పంచదారంతా కమిషన్ వంటగదికే చేరేది మరి. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది. కెరటం టవర్స్, తొమ్మిదో అంతస్తు, 'సి' ఇల్లు. పేరు పైడిలత. మూడు నెలల్లో నలభై ఒక్కసారి. దాదాపు అన్నీ సాయంత్రం నాలుగు దాటాక, భర్త షిఫ్టు దిగి వచ్చే వేళకే. నలభై ఒక్కసారీ సఫలమే. తలుపు తీసి గిన్నె నింపడానికి పట్టిన సమయం నాలుగు సెకన్లు.

"నాలుగు సెకన్లేమిటి రత్నాకర్? దెబ్బలు తింటున్న మనిషి లేచి, వంటింట్లోకెళ్ళి, డబ్బా వెతికి తేవడానికి సరిపోతాయా?"

"మొదట్లో రెండు నిమిషాలు పట్టేదండి. ఇప్పుడు అలవాటు పడ్డారు. డబ్బా తలుపు పక్కనే పెట్టుకుంటున్నట్టున్నారు" అన్నాడు అతను సంతోషంగా.

"గిన్నె నిండాక?"

"పొరుగమ్మ వెనక్కొచ్చేస్తుంది. గోడలో గ్రాహకం పావుగంట నిద్రపోతుంది. లేకపోతే ఒకే గొడవకి పదిసార్లు పరిగెడుతుంది కదండీ."

"ఆ పావుగంటలో ఏం జరుగుతుంది?"

రత్నాకర్ కాగితాన్ని తన వైపు తిప్పుకుని చూశాడు. "అది మనకి తెలీదండి. గిన్నె నిండితే వచ్చెయ్యాలని మొదట్లో మీరే చెప్పారు కదా మేడమ్."

హైమావతికి ఏమీ అనిపించలేదు. కోపం రావాలి, రాలేదు. కప్పులో మిగిలిన టీ వైపు చూసింది. తర్వాత లేచి వంటగదిలోకి వెళ్ళి ఓ స్టీలు గిన్నె తీసుకుంది.

"సంతకం?" అన్నాడు రత్నాకర్.

"వచ్చాక చూద్దాం" అంది.

తొమ్మిదో అంతస్తులో లిఫ్టు దిగేసరికి నాలుగుంపావు. పొరుగమ్మ తన మూలన కదలకుండా ఉంది. ఎదురింటావిడ వరండాలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. 'సి' లోపల గోడకేదో ధన్‌మని తగిలింది. ఎదురింటావిడ తలెత్తలేదు. హైమావతి గిన్నెతో అటు నడవడం చూసి మాత్రం, "మీకెందుకండీ శ్రమ? మిషనెళ్తాది కదా" అంది, మర్యాదగానే.

హైమావతి తలుపు కొట్టి, "ఏవమ్మా, ఓ గుప్పెడు పంచదార ఉంటే ఇస్తావేటి?" అని అడిగింది. అనుకోకుండానే ఆ యాస వచ్చేసింది.

తలుపు జానెడు తెరుచుకుంది. ఒక చెయ్యి బయటికి వచ్చి, డబ్బా వంచి, గిన్నె నింపింది. బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది. తలుపు మూసుకుంది. ఆ చేతి మనిషి వచ్చిందెవరో చూడనేలేదు.

హైమావతి మళ్ళీ కొట్టింది. "ఇచ్చాను కదా" అంది లోపలి గొంతు.

"నేను మిషన్ని కానమ్మా. కమిషన్ నుంచి వచ్చాను. హైమావతి అంటారు."

ఈసారి తలుపు సందులో మొహం కనిపించింది. పాతికేళ్ళుంటాయి. కింది పెదవి వాచి ఉంది. వెనక నుంచి "ఎవరే?" అని మగగొంతు.

"ఎవరూ లేరు. పంచదారకి" అంది పైడిలత, హైమావతి కళ్ళలోకే చూస్తూ. వెళ్ళిపొమ్మని వేడుకునే చూపది. గడియ పడింది.

ఆ చూపు హైమావతికి కొత్తది కాదు. ఒకప్పుడు అది తన మొహం మీద ఉండేది.

సుబ్బరత్తం పిన్ని పంచదార ఇవ్వగానే ఏనాడూ వెళ్ళలేదు. "అమ్మో, కాళ్ళు పీకేస్తన్నాయే" అంటూ లోపలికి వచ్చి చతికిలబడేది. ఊళ్ళో సంగతులన్నీ ఏకరువు పెట్టేది. మొగుడు విసిగిపోయి చొక్కా తగిలించుకుని బయటికి పోయేదాకా, కోపం చల్లారేదాకా కదిలేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే హైమావతి చెంప మీది వాపు చూసేది. ఆ చూపుకి హైమావతి సిగ్గుతో చచ్చిపోయేది. త్వరగా పంపించేద్దామని గిన్నె నిండా, పొర్లిపోయేదాకా పంచదార పోసేది. తనని బతికించిన మనిషిని చూస్తే తనకి ఒళ్ళు మంట.

ముప్పై ఏళ్ళ తర్వాత, యంత్రం ఎంతసేపు ఉండాలని రత్నాకర్ అడిగినప్పుడు ఆమె తడుముకోకుండా చెప్పింది. గిన్నె నిండగానే వెళ్ళిపోవాలి. ఏమీ అడగకూడదు. మొహం చూడకూడదు. ఆడవాళ్ళ మనసు ఎంత బాగా తెలిసిన మనిషి అని కమిటీ అంతా చప్పట్లు కొట్టింది. ఆమె చేయించింది పిన్నిని కాదు. ఆ రోజుల్లో పిన్ని ఎలా ఉంటే బాగుండునని తను ఏడ్చిందో, అలాంటిదాన్ని. ఊరంతటికీ అదే నచ్చింది.

హైమావతి గడప ముందు చతికిలబడింది. లోపల రెండోసారి ధన్‌మంది. మూడోసారి. లిఫ్టు దగ్గర పొరుగమ్మ లేచింది. జారుకుంటూ వచ్చి, గడపకి అడ్డంగా ఉన్న మనిషి ముందు ఆగి, చెయ్యి చాపింది.

"ఏవమ్మా, ఓ గుప్పెడు పంచదార ఉంటే ఇస్తావేటి?" అని ఆమె గొంతుతోనే ఆమెని అడిగింది.

హైమావతి చెయ్యి లేచింది. ఆమె లేపలేదు, అదే లేచింది. తన గిన్నెలో ఉన్నదంతా ఆ గిన్నెలోకి వంపేసింది.

"మంచిదమ్మా, సల్లగుండు" అని పొరుగమ్మ వెనుదిరిగింది. హైమావతి ఫోన్‌కి కమిషన్ నుంచి కబురొచ్చింది. తొమ్మిది సి, నలభై రెండోసారి, సఫలం.

లోపల అంతా నిశ్శబ్దం. పొరుగమ్మ చక్రాల చప్పుడు లిఫ్టు దాకా వెళ్ళి ఆగింది. అది ఆగాకే లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. పావుగంట సంగతి పైడిలత మొగుడికి ఎప్పుడో తెలుసు. ఎదురింటావిడ మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

హైమావతికి భయం వేసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి. ఆ పావుగంట అతనికి ఇప్పుడు తనే ఇచ్చింది. గోడ నిద్రపోయింది, యంత్రం వెళ్ళిపోయింది, చేతిలో ఖాళీ గిన్నె ఉంది.

గోడ పట్టుకుని లేచి, గిన్నె అంచుతో తలుపు మీద కొట్టింది.

"పైడిలతా, తలుపు తియ్యమ్మా. కాళ్ళు పీకేస్తన్నాయి. లోపలికొచ్చి కాసేపు కూసుంటాను."

మళ్ళీ కొట్టింది, ఇంకా గట్టిగా. పావుగంటలో ఇంకా పద్నాలుగు నిమిషాలు ఉన్నాయి.