సముద్రం వైపు గోడ

పొద్దున్నే కూతురి ఊరి నుంచి తిరిగొచ్చిన అత్తగారు బండి దిగి, ఇంటిని చూసి సంచీ అక్కడే వదిలేసింది. చర్చిని ఆనుకుని ఉన్న దొరల కాలం నాటి మేడ అది. ఆవిడ కాపురానికొచ్చినప్పటి నుంచీ సముద్రం వైపు గోడకు తెల్ల సున్నమే. ఇప్పుడది పచ్చగా, వెనకనున్న చర్చి గోపురం రంగులోనే నిగనిగలాడుతోంది.

నిచ్చెన మీంచి కొత్త కోడలు చెయ్యూపింది. ముక్కు మీదా రంగే.

"ఎలా ఉందత్తయ్యా? చర్చీ మనిల్లూ అక్కచెల్లెళ్లలా లేవూ?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఎవర్నడిగి వేశావ్?"

"కర్టెన్ మార్చాలన్నా మిమ్మల్నే అడగాలి. ఆయనొచ్చేసరికి ఈ ఇంట్లో నాదంటూ ఒక్కటైనా కనబడాలనుకున్నాను."

"గోడే కనబడకపోతే వాడెలా వస్తాడే?" అత్తగారు అరిచింది. అందులో కోపం కంటే భయమే ఎక్కువ. "సముద్రంలోంచి పచ్చ గోపురం కింద తెల్లగోడ సూటిగా కనబడితేనే లాంచీ దారిలో ఉన్నట్టు. పక్కకి జరిగితే రాళ్లే!"

ఆవిడ కొడుకు లాంచీ నడుపుతాడు. మధ్యాహ్నానికి రేవు చేరాలి. కోడలు గబగబా నిచ్చెన దిగింది.

"నాకెవరూ చెప్పలేదత్తయ్యా..."

నిజమే. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతని, ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. అత్తగారి కోపం అక్కడికక్కడే చల్లారింది.

"సున్నం వేసేద్దామా?" అంది కోడలు.

"ఆరితే గానీ తెల్లబడదు. దుప్పట్లు పట్రా!"

మంచాల మీదివన్నీ వచ్చాయి. కేకలు విని పక్కనుంచి ఫాదర్ చర్చిలోని తెల్లబట్టలన్నీ మోసుకొచ్చారు. తన అంగీ కూడా ఇచ్చి, "కట్టండమ్మా, వాడి పెళ్లి చేసింది నేనేగా, నాకూ బాధ్యతుంది" అన్నారు. మేడ కిటికీల్లోంచి అన్నీ వేలాడదీశారు. గాలికి ఎగిరిపోతున్న దుప్పటిని చెరో కొసా పట్టుకుని అత్తా కోడలూ సముద్రం వైపే చూస్తూ నిలబడ్డారు.

దూరాన లాంచీ కాసేపు తటపటాయించింది. తర్వాత మెల్లగా తిరిగి, సూటిగా రేవులోకొచ్చింది.

కొడుకు పరుగున వచ్చాడు. "ఊళ్లో దుప్పట్లన్నీ మనింటికే ఆరేశారేంటమ్మా?"

కోడలు నవ్వబోయి ఏడ్చేసింది. అత్తగారు ఆమె ముక్కు మీది రంగు కొంగుతో తుడిచింది.

"ఈ గోడ లాంచీలదమ్మా. మిగతా మూడూ నీవి. నన్నడక్కు."

"అనుమతి కాదత్తయ్యా, ఊరికే అడుగుతున్నా. వీధి వైపు ఏ రంగు బావుంటుంది?"

అత్తగారు కాసేపు తటపటాయించింది.

"గులాబీ. కొత్తగా వచ్చినప్పుడు నేనూ అడిగాను. మా అత్తగారు వెయ్యనివ్వలేదు."